మస్టాంగ్ ఇంజన్ ఫొటో కింద రాసిన మాట గురించి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాత అమెరికన్ మజిల్ కార్ల (పెద్ద, శక్తి ఎక్కువున్న ఇంజన్ పెట్టిన కార్ల) మీద వచ్చిన వ్యాసం మొదటి నుంచి చివరి దాకా చదివాను. బల్లార్షా స్టేషన్‌లో మీ పేపర్ తెప్పించుకుని చదివే తెలుగు కుటుంబాలు మా దగ్గర చాలా ఉన్నాయి. ఇలాంటి విషయం మన భాషలో రావడం చాలా అరుదు. రాసినవారికి, అంత జాగా ఇచ్చిన మీకు కృతజ్ఞతలు. అయితే రెండో పేజీలో ఒక ఫొటో వేశారు. బానెట్ ఎత్తి ఉన్న ఫోర్డ్ మస్టాంగ్, లోపల నిండు నీలం రంగు ఇంజన్. దాని కింద ‘1965 మోడల్, ఫ్యాక్టరీ రంగులోనే ఉన్న ఇంజన్’ అని రాశారు. ఆ మాట సరికాదు. ఎందుకు సరికాదో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా ఓపికతో చదవమని కోరుతున్నాను.

1965 మోడల్ మస్టాంగ్‌లో 289 వి8 ఇంజన్ (వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లు, పరిమాణం 289 ఘనపు అంగుళాలు) ఉంటే దాని బ్లాక్, అంటే సిలిండర్లుండే దిమ్మ, నలుపు. ముందు ముందు ఇంజన్లకు రాసిన 260, 396 లాంటి అంకెలూ ఆ కొలతలే. పైన ట్యాపెట్ కవర్లు, ఎయిర్ క్లీనర్ బంగారు రంగు. అంతకు కొద్ది నెలల ముందు వచ్చిన తొలి మస్టాంగుల్లో 260 వి8 ఉండేది. దానికి బ్లాక్ నలుపే గానీ కవర్లు లేత నీలం. ఆరు సిలిండర్ల ఇంజన్‌కైతే కవరు ఎరుపు. 289లోనే ఎక్కువ శక్తి ఉన్న రకానికి కవర్లు క్రోమ్‌వి. ఆ రోజుల్లో ఫోర్డ్ కంపెనీలో ఇలా ఒక్కో ఇంజన్ కుటుంబానికి ఒక్కో రంగు ఉండేది. 1966 మోడల్ నుంచి ఆ పద్ధతి తీసేసి, అన్ని ఇంజన్లకూ ఒకే ముదురు నీలం పెట్టారు. మీ ఫొటోలో ఉన్నది ఆ నీలమే. అంటే ఆ కారు 1966 మోడల్ అయినా అయ్యుండాలి, లేదా ఎవరో తర్వాత రంగు మార్చి అయినా ఉండాలి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అమెరికాలో మోడల్ సంవత్సరం జనవరిలో మొదలు కాదు. 1965 ఆగస్టు నుంచి తయారైన మస్టాంగులు 1966 మోడల్ కిందే లెక్క. కాబట్టి ‘1965లో తయారైంది’ అనేదీ ‘1965 మోడల్’ అనేదీ ఒకటి కావు. మీ వ్యాసకర్త ఎక్కడో తయారీ తేదీ చూసి మోడల్ సంవత్సరం అనుకుని ఉండవచ్చు.

అమెరికా కార్ల ఇంజన్ రంగులతో చంద్రపూర్ జిల్లాలో ఉండే తెలుగువాడికి ఏం పని అని మీకు అనిపించవచ్చు. నేను బొగ్గు గనుల వర్క్‌షాప్‌లో పెయింటర్‌గా చేసి రిటైరయ్యాను. మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి గనిలో పనికి ఇక్కడికొచ్చారు. మేము ఇక్కడే పుట్టి పెరిగాం. ఇంట్లో తెలుగు, వాకిట్లో మరాఠీ, వర్క్‌షాప్‌లో హిందీ. గనుల్లోంచి ఓవర్‌హాలింగ్‌కి వచ్చిన డంపర్ల, డోజర్ల ఇంజన్లు విప్పి, కడిగి, బిగించిన తర్వాత నా దగ్గరికి వచ్చేవి. డెట్రాయిట్ డీజిల్ ఇంజన్ అంటే ఆకుపచ్చ. క్యాటర్‌పిల్లర్ అంటే పసుపు. ఆ పసుపులోనూ రెండు ఛాయలున్నాయని అనుభవం మీద తెలిసింది. ఆ కంపెనీ 1931 నుంచి వాడిన పసుపును 1979లో మార్చేసింది. పాత బండికి కొత్త భాగం వేస్తే, పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది. స్టోర్‌లో ఏ పసుపు ఉంటే అది కొట్టెయ్యమనే ఫోర్‌మెన్ ఉండేవారు. ఛాయ కలిసేదాకా వదలనివారూ ఉండేవారు. నేను పని నేర్చుకున్నది ఆ రెండో రకం మనిషి దగ్గర.

ఇంజన్‌కి రంగు అందం కోసం వేస్తారని చాలామంది అనుకుంటారు. మొదటి కారణం తుప్పు. బ్లాక్, దాని పైన మూతలా ఉండే హెడ్ అన్నీ పోత ఇనుము. ఊరికే వదిలేస్తే ఒక్క వానాకాలం చాలు. రెండోది లీకేజీ. శుభ్రమైన రంగు మీద నూనె చెమ్మ పడితే, ఏ ప్యాకింగ్ (రెండు భాగాల మధ్య కారకుండా పెట్టేది) దగ్గర కారుతోందో మెకానిక్‌కి చూడగానే తెలుస్తుంది. మూడోది గుర్తు. వందల ఇంజన్లు వరసగా లైన్ మీద వస్తుంటే ఏది ఏ బండికి పోవాలో దూరం నుంచే తెలియాలి. ఈ మూడో కారణం వల్లనే పాత అమెరికన్ ఇంజన్ల రంగులు ఇంత ఆసక్తిగా తయారయ్యాయని నా అభిప్రాయం. జనరల్ మోటార్స్ అనేది పేరుకి ఒకటే కంపెనీ. కానీ దాని కింద షెవర్లే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూయిక్ ఎవరి వి8 ఇంజన్ వాళ్లు సొంతంగా తయారుచేసుకునేవారు. బ్యూయిక్‌ది ఫ్లింట్‌లో, ఓల్డ్స్‌మొబైల్‌ది లాన్సింగ్‌లో, పాంటియాక్‌ది ఆ పేరే ఉన్న పాంటియాక్ ఊళ్లో. ఇంజన్ వేరు, ఇంజనీర్లు వేరు, రంగు కూడా వేరు.

మా చిన్నబ్బాయి మిషిగన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూకి తీసుకెళ్లాడు. డెట్రాయిట్ నుంచి పాంటియాక్ దాకా పోయే పెద్ద రోడ్డు అది. 1995 నుంచి దాదాపు ఏటా ఆగస్టులో ఒక శనివారం పాత కార్లన్నీ ఆ రోడ్డు మీదికి వస్తాయి. కొన్ని నడుస్తుంటాయి, కొన్ని పక్కన ఆపి బానెట్ ఎత్తి పెట్టి ఉంటాయి. కార్ల బయటి రంగుల వంక చూసేవాళ్లు చూశారు. నేను మాత్రం బానెట్లలోకి తొంగి చూస్తూనే గడిపాను. మా కోడలు నీళ్ల సీసా పట్టుకుని వెనకాలే తిరిగింది పాపం.

షెవర్లే వి8 అంటే ఆరెంజ్. 1955లో వచ్చిన 265 మొదలుకుని షెవెల్ ఎస్‌ఎస్ కారులో పెట్టిన 396, 454 దాకా అన్నీ ఆ ఆరెంజే. పాంటియాక్ అంటే నీలం. కానీ ఫోర్డ్ నీలం కాదు. 1964లో వాళ్ల జీటీఓ కారు వచ్చినప్పుడు దానిలోని 389 లేత నీలం. ఆ దశకం మధ్య నుంచి లోహపు మెరుపు కలిసిన వెండి నీలం. ఎండలో చూస్తే రెండూ ఎంత వేరో తెలుస్తుంది. ఓల్డ్స్‌మొబైల్ వాళ్లు 60ల చివర్లో 350కి బంగారు రంగు, 400కి కంచు రంగు వేసేవారు. 1970లో 442 కారులో 455 పెట్టినప్పుడు అది నీలం. బ్యూయిక్ వాళ్ల పాత 401 ఆకుపచ్చగా ఉండేది. 1970 జీఎస్ కారులోని 455 ఎర్రగా ఉంటుంది. క్రైస్లర్ అనే మరో కంపెనీ వాళ్లది ఇంకో కథ. 426 హెమీ ఇంజన్‌కి 1966 నుంచి 1971 దాకా ఆరెంజ్ వేశారు. ఆ ఆరెంజ్ షెవర్లే ఆరెంజ్ కాదు. రెండూ పక్కపక్కన చూసిన పెయింటర్ ఎవరూ ఒకటనడు. అదే క్రైస్లర్‌లో 1967 జీటీఎక్స్ కారులోని 440 నెమలికంఠం రంగు. 1970కి వచ్చేసరికి ఎక్కువ శక్తి ఉన్న 440 కూడా ఆరెంజ్ అయింది. అంటే ఒకే కంపెనీ, ఒకే ఇంజన్, మూడేళ్ల తేడాలో రంగు మారింది. ఏ ఏడాది బండి అని అడగకుండా ‘440 ఏ రంగు’ అని అడిగితే జవాబు ఉండదు.

ఆ రోజు నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది 1970 బ్యూయిక్ జీఎస్ ఒకటి. యజమాని పెద్దాయన. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే, మా అబ్బాయి మధ్యలో ఉండి చెబుతున్నాడు. ఇంజన్ ఎర్ర రంగు పాతబడి, అక్కడక్కడ పొట్టులా లేచి ఉంది. ఆయన టార్చి వేసి కింద నూనె నిలిచే చాంబర్ మూల చూపించాడు. అక్కడ రంగు కారి, చుక్క కట్టి, ఆ చుక్క అలాగే గట్టిపడిపోయి ఉంది. ఫ్యాక్టరీలో రంగు చిమ్మే స్ప్రే గన్ పట్టిన మనిషి కొద్దిగా ఎక్కువ కొట్టాడు, అంతే. దాన్ని గోకి సాఫు చెయ్యమని ఎంతమంది చెప్పినా చెయ్యలేదట. పెయింటర్‌ని కదా, ఆ చుక్క చూస్తే గన్ ఏ వైపు నుంచి వచ్చిందో, ఎక్కడ ఆగిందో నాకు అర్థమైంది. పెద్దాయనకి చేతులు తిప్పి చూపించాను. ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మీ వ్యాసంలో రాని ముఖ్యమైన విషయం ఇది. ఫ్యాక్టరీలో ఇంజన్ భాగాలకు విడివిడిగా రంగు వేసి తర్వాత బిగించలేదు. చాలావరకు ముందు ఇంజన్ మొత్తం బిగించేవారు. తర్వాత అవసరమైన చోట్ల మూతలు పెట్టి ఒక్కసారే రంగు కొట్టేవారు. అందుకే ఫ్యాక్టరీ రంగుతో ఉన్న ఇంజన్‌లో బోల్టు తలలు, ప్యాకింగ్ అంచులు, వాటర్ పంపు అన్నీ ఒకే రంగులో ఉంటాయి. ప్యాకింగ్ అంచు తెల్లగానో నల్లగానో శుభ్రంగా కనిపిస్తే, ఆ ఇంజన్‌ని తర్వాత ఎవరో విప్పారని అర్థం. షెవర్లే ఇంజన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (కాలిన పొగ బయటికి పోయే గొట్టం) మీద కూడా ఆరెంజ్ తుంపర పడేది. ఆ మానిఫోల్డ్ వేడికి మామూలు ఎనామిల్ ఆగదు. బండి నడిచిన కొద్ది గంటల్లోనే కాలి, బూడిదై రాలిపోయేది. తర్వాత అక్కడ ఉత్త ఇనుము తుప్పు రంగులో మిగిలేది. ఇప్పుడు కొత్తగా చేసేవాళ్లు మానిఫోల్డ్‌కి వెండి రంగు కొట్టి తళతళలాడిస్తారు. అది ఫ్యాక్టరీ పద్ధతి కాదు. అల్యూమినియం ఇన్‌టేక్ (గాలి, పెట్రోలు లోపలికి పోయే గొట్టం) ఉన్న ఇంజన్లలో దాని అంచుల మీద ఆరెంజ్ తుంపర పడి ఉండేది. తెలిసినవాళ్లు ఇప్పుడు ఆ తుంపరని కూడా కావాలని అలాగే వేస్తారు.

ఇంత పట్టింపు అవసరమా అంటే, అక్కడ దీన్ని పట్టించుకునే సంస్థలే ఉన్నాయి. షెవర్లే వాళ్ల స్పోర్ట్స్ కారు కార్వెట్ కోసం బ్లూమింగ్టన్ గోల్డ్ అనే పోటీ 1973లో మొదలైంది. మరుసటి ఏడాది నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ పెట్టారు. వాళ్లు మార్కులు వేసేటప్పుడు కారు ఎంత మెరుస్తోంది అని కాదు చూసేది, ఫ్యాక్టరీ నుంచి ఎలా బయటికి వచ్చిందో అలా ఉందా లేదా అని చూస్తారు. ఫ్యాక్టరీలో వేసినదానికన్నా మందంగా, నున్నగా రంగు వేస్తే అక్కడ అది తప్పు. వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఇది చాలా కష్టమైన పని. మెరిసేలా వెయ్యమంటే ఎవరైనా వేస్తారు. అప్పటి లైన్ మీద వేసినట్టు పల్చగా, అంతే మెరుపుతో, అదే ఛాయతో వెయ్యాలంటే చెయ్యి తిరగాలి.

1977 సంగతి కూడా మీ పాఠకులకు తెలియాలి. చికాగో వైపు ఒకాయన ఓల్డ్స్‌మొబైల్ డెల్టా 88 అనే కారు కొన్నాడు. సర్వీసింగ్‌కి ఇస్తే ఓల్డ్స్‌మొబైల్ విడిభాగాలు అతకలేదు. చూస్తే లోపల ఉన్నది ఓల్డ్స్‌మొబైల్ వాళ్ల 350 కాదు, షెవర్లే 350. గొడవ పెద్దదై, చికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రపు అటార్నీ జనరల్ (ప్రభుత్వ న్యాయాధికారి) కోర్టుకెళ్లాడు. దేశమంతా వార్త అయింది. అదే సమయంలో జనరల్ మోటార్స్ షెవర్లే ఆరెంజ్‌ని మానేసి, తన విభాగాలన్నిటికీ ఉమ్మడి నీలం పెట్టింది. ఎవరి ఇంజన్ వాళ్లది, ఎవరి రంగు వాళ్లది అనే కాలం అక్కడితో దాదాపు పోయింది. కొన్నవాడు బానెట్ ఎత్తి రంగు చూసి ఇది ఫలానా వాళ్ల ఇంజన్ అని చెప్పగలిగే రోజులు కూడా పోయాయి. క్రైస్లర్ వాళ్లు అంతకు ముందే, 70ల మొదట్లోనే, నీలం వైపు వెళ్లిపోయారు. ఫోర్డ్ అంతకన్నా ముందు 1966లో. లైన్ నడిపేవాళ్లకి ఒకే రంగు సౌకర్యమే, కాదనను. డ్రమ్ములు మార్చక్కర్లేదు, గన్లు కడగక్కర్లేదు. కానీ ఆ ఏళ్లకి ముందు తయారైన ఇంజన్‌ని చూస్తే నాకు కలిగే గౌరవం వేరు.

ఇప్పుడు మా దగ్గరి మాట. మా అక్క కొడుకుకి చంద్రపూర్‌లో గ్యారేజీ ఉంది. నాగపూర్ నుంచి ఒక యజమాని 60ల నాటి షెవర్లే ఇంపాలా తెచ్చాడు. ఇంపాలా కుటుంబాలు తిరిగే పెద్ద కారు, దాన్ని మజిల్ కారు అనలేం. కానీ దానిలోని 283 వి8 ఆ షెవర్లే కుటుంబానిదే. మన దేశంలో ఇలాంటి కార్లు చాలావాటిలో పెట్రోలు ఖర్చు భరించలేక ఎప్పుడో డీజిల్ ఇంజన్లు బిగించేశారు. దీనిలో మాత్రం సొంత ఇంజన్ మిగిలింది. అంతకుముందు ఆయన ఒక పెద్ద నగరంలోని రెస్టోరేషన్ షాపులో చూపిస్తే, ఇంజన్ మొత్తానికి గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి పాత రంగంతా పోయేలా తెల్లగా చేసి, ఎర్ర రంగు వేసి, కవర్లకు క్రోమ్ చేసి ఇస్తామన్నారట. డబ్బు కుదరక ఆగాడు. ఆ ఆగడమే మంచిదైంది.

మా మేనల్లుడు ఫోన్ చేసి ‘మామా, ఒకసారి వచ్చి చూడరాదు’ అన్నాడు. వెళ్తే, ఇంజన్ పైన అంతా అల్యూమినియం పెయింటు. బ్రష్‌తో వేసింది, జుట్టు గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఎదురుగా కనిపించే చోట గోకి లాభం లేదు. అక్కడ ఎంతమంది చేతులు పడ్డాయో ఎవరికి తెలుసు. జనం చెయ్యి పెట్టని చోట వెతకాలి. ఇంజన్‌ని బండికి బిగించే ఫౌండేషన్ బ్రాకెట్ విప్పించాను. దాని వెనక జిడ్డు గట్టిపడి బొద్దింక రెక్కల రంగులో ఉంది. ఇనుప గోకుడు వద్దని, చెక్క ముక్క చెక్కించి, కిరోసిన్‌లో గుడ్డ తడిపి కొద్దికొద్దిగా తీయించాను. బ్రాకెట్ ఆనుకున్న చోట జానెడు మేర ఆరెంజ్ బయటపడింది. ఎండ చూడని, గాలి చూడని ఆరెంజ్. మా వాడు కూడా నోరు తెరిచి చూశాడు.

అంతటితో సరిపెట్టకూడదు. పక్కన రంగు పొరలు మందంగా ఉన్న చోట సన్న వాటర్ పేపర్ నీళ్లతో తడిపి రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా రుద్దాలి. మధ్యలో లోతుగా, అంచుల్లో పైపైన. అలా చేస్తే పొరలన్నీ ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా కనిపిస్తాయి. ఇక్కడ బయట వెండి రంగు, దాని లోపల ఎవరో వేసిన నీలం, దాని లోపల సన్నగా ఆరెంజ్, మధ్యలో ఇనుము. ఆరెంజ్‌కీ ఇనుముకీ మధ్య ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) లేదు. నీలం కింద మాత్రం బూడిద రంగు సర్ఫేసర్ (నున్నగా రావడానికి ముందు వేసే పూత) ఉంది. అంటే నీలం తర్వాత ఎవరో పెయింటర్ పద్ధతిగా వేసుకున్నది. ఆరెంజ్ ఫ్యాక్టరీది. ఈ చిన్న గుండ్రం చూపించాక యజమానికి ఇంక ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఫొటోలు తీయించి, ఆ జానెడు జాగాని ముట్టుకోకుండా వదిలి, మిగతా ఇంజన్‌కి దాని ఛాయ కలిపి వేశాం. ఛాయ కలపడానికే చాలా రోజులు పట్టింది. డబ్బాలో చూసిన రంగు వేరు, ఆరాక రంగు వేరు, ఇంజన్ వేడెక్కి చల్లారాక ఇంకా వేరు. మా చంద్రపూర్ ఎండలో మధ్యాహ్నం గన్ పడితే రంగు ఇనుము మీద పడకముందే సగం ఆరి గరుకుగా వస్తుంది. తెల్లవారుజామున మాత్రమే కొట్టాం.

జాగ్రత్త ఒకటి చెప్పాలి, ఇది చదివి ఎవరైనా ఇంట్లో ఉన్న పాత బండిని గోకడం మొదలుపెడతారేమో. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎప్పుడూ తడిపే రుద్దాలి, ముక్కుకి మాస్కు కట్టుకోవాలి, పిల్లలు తిరిగే చోట అసలు చెయ్యకూడదు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదని 2016లో నిబంధన వచ్చింది. అంతకుముందు డబ్బాలు, అందులోనూ ఇంజన్ల మీద పడ్డవి, ఆ లెక్కలోకి రావు. ఇసుక కొట్టించడం ఇంకా ప్రమాదం. మనిషికీ ప్రమాదమే, సాక్ష్యానికీ ప్రమాదమే. ఒక్క పూటలో మొత్తం పోతుంది, మళ్లీ రాదు.

రంగు ఒక్కదాన్నే నమ్మి ఇంజన్ అసలుదో కాదో తేల్చకూడదు. షెవర్లే వి8లో కుడి వైపు హెడ్ ముందు చిన్న చదునైన జాగా మీద అంకెలు గుద్ది ఉంటాయి. బ్లాక్‌లో పోతతోనే వచ్చిన అంకెలుంటాయి. పాంటియాక్ వి8లు బయటికి దాదాపు ఒకే కొలతలో ఉంటాయి. 389 ఏదో 455 ఏదో రంగు చూసి, సైజు చూసి చెప్పలేం, అంకెలే చూడాలి. అంకెలు, రంగు పొరలు, బోల్టులు మూడూ ఒకే మాట చెబితేనే నమ్మాలి. అంకెలు చెరిపి కొత్తవి గుద్దేవాళ్లున్నారు. పొరలు పుట్టించడం అంత తేలిక కాదు.

మా గ్యారేజీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగే ప్రశ్న, ‘బానెట్ మూశాక ఎవరు చూస్తారు కాకా?’ అని. ఇంకొందరు, నా బండి నా ఇష్టం అంటారు. నిజమే, బండి ఆయనది. కావాలంటే గులాబీ రంగు వేసుకోవచ్చు, ఎవరూ ఆపలేరు. నేను అడిగేది ఒక్కటే. వెయ్యబోయే ముందు కింద ఏముందో చూడండి, ఫొటో తీయండి, ఒక మూల ముట్టుకోకుండా వదలండి. దీనికి డబ్బు ఖర్చు కాదు. ఒక చెక్క ముక్క, గిన్నెడు కిరోసిన్, ఓపిక చాలు. తర్వాత యాభై ఏళ్లకి ఎవరి చేతికి వెళ్లినా ఆ బండి తన సంగతి తాను చెప్పుకోగలదు.

ఇది అమెరికన్ కార్లకే కాదు. మా జిల్లాలో, పక్కన గడ్చిరోలిలో, అటు సిరోంచ వైపు అడవి రోడ్ల మీద పాత జీపులు ఇంకా తిరుగుతున్నాయి. వాటిలో కొన్ని యుద్ధకాలం నాటివి, మిలిటరీ వేలంలో కొన్నవి. అమెరికాలో ఆ జీపుల్ని విల్లీస్, ఫోర్డ్ రెండు కంపెనీలూ తయారుచేశాయి. చూడటానికి కవలలు. కానీ విల్లీస్ జీపులో ఇంజన్ ఆలివ్ పచ్చ, ఫోర్డ్ జీపులో బూడిద రంగు. ఇప్పుడు మన దగ్గర కనిపించే జీపుల్లో దాదాపు అన్నిటికీ మెరిసే ఎరుపో, వెండి రంగో కొట్టేసి ఉంటుంది. పైరంగు గీకితే కింద ఏది బయటపడుతుందో యజమానికే తెలియదు. అలాగే అంబాసిడర్ కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. ప్రీమియర్ పద్మిని బొంబాయి కుర్లాలో తయారైంది. ఈ ఇంజన్లకి ఏ ఏడాది ఏ రంగు వేశారు, ఎప్పుడు మార్చారు, కవర్లకు వేరే రంగు ఉండేదా అని అడిగితే తలా ఒకటి చెబుతారు. అమెరికా వాళ్లు తమ కార్ల రంగులు ఏడాది వారీగా, ఇంజన్ వారీగా రాసిపెట్టుకోగలిగారు. ఎందుకంటే గోకి చూసినవాళ్లున్నారు, ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లని బతికుండగానే అడిగినవాళ్లున్నారు. మన దగ్గర ఆ ఫ్యాక్టరీల్లో గన్ పట్టిన చేతులు ఇంకా ఉన్నాయి. కరీంనగర్, పాలమూరు నుంచి బొంబాయి పోయి అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్లు మన తెలుగువాళ్లలో తక్కువేం లేరు. వాళ్లని ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేం.

పాత బండ్ల ర్యాలీలు నిర్వహించేవారికి కూడా ఒక మాట. బహుమతి ఇచ్చేటప్పుడు బయటి మెరుపు మాత్రమే చూస్తున్నారు. బానెట్ ఎత్తించండి. ఇంజన్ రంగుకి, బోల్టులకి, మానిఫోల్డ్‌కి కొన్ని మార్కులు పెట్టండి. మార్కులు పెట్టిన మరుసటి ఏడాదే క్రోమ్ చేయించేవాళ్లు తగ్గుతారు, వెతికి వేసేవాళ్లు పెరుగుతారు. నా చేతిలో పనే ఉంటే ఇది ఇంతకుముందే చేసేవాడిని.

మీకు చేసే విన్నపాలు రెండు. వచ్చే ఆదివారం ఆ మస్టాంగ్ ఫొటో కింద రాసినదాన్ని సవరించి వెయ్యండి. ఆ పేజీని దాచుకునే కుర్రాళ్లున్నారు, మా మేనల్లుడి గ్యారేజీ గోడకే అతికించి ఉంది. రెండోది, ఉత్తరపారా, కుర్లా ఫ్యాక్టరీల ఇంజన్ షాపుల్లో పెయింటింగ్ చేసిన తెలుగువారెవరైనా ఉంటే, ఏ ఏడాది ఏ ఇంజన్‌కి ఏ రంగు కొట్టారో రాసి పంపమని ఈ ఉత్తరాల శీర్షికలోనే అడగండి. డబ్బా మీద రాసిన పేరు గుర్తుంటే అదీ రాయమనండి. వచ్చినవి మీరు వెయ్యండి. వాటిని ఇక్కడి పాత బండ్ల మీద సరిచూసే పని నేను, మా మేనల్లుడు చేస్తాం.

ఇట్లు,
రిటైర్డ్ పెయింటర్, బొగ్గు గనుల వర్క్‌షాప్,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర